జంటనావల శిల్పి హెర్రెషాఫ్

విశాఖపట్టణము, భీమునిపట్టణము మొదలగు తీరములయందు జాలరులు తరతరములుగా తెప్పలపై వేటకు పోవుచుండిరి. తెప్ప యనగా తేలికయైన కొయ్యదుంగలను ప్రక్కప్రక్కన చేర్చి త్రాళ్ళతో బిగించి కట్టిన సాధనము. దానికి గోడలు లేవు, లోతు లేదు. పైకి వచ్చిన అలనీరు దుంగల నడుమ సందులలోనుండి జారిపోవును. నీరు నిలుచుటకు తావే లేనందున తెప్ప మునుగదు. వేట ముగిసిన పిదప జాలరులు కట్లు విప్పి, దుంగలను ఇసుకపై ఆరవేయుదురు. ఇటీవలి కాలమున ఫైబరు పడవలు చాలవఱకు ఈ తెప్పల స్థానమును ఆక్రమించినవి గాని, వీని పేరు మాత్రము ప్రపంచమంతటను నిలిచినది.

ఆ పేరు నిలిచిన విధము వింతయైనది. తమిళులు ఇట్టి తెప్పను కట్టుమరమందురు. విలియం డాంపియర్ అను ఆంగ్ల నావికుడు చోళమండల తీరమున వీనిని చూచి, 1697లో ప్రచురించిన తన యాత్రాగ్రంథమున వర్ణించెను. కట్టుమరమను మాట ఆంగ్లమున కేటమరాన్ అయ్యెను. కాలక్రమమున ఆ పేరు దుంగల తెప్పను విడిచి, రెండు సన్నని నావలను అడ్డదూలములతో జతకూర్చిన వేగపు పడవకు స్థిరపడెను. పేరు మనది, వస్తువు మాత్రము వేఱు. పసిఫిక్ దీవుల ప్రజలు ఏ యంత్రమును లేని కాలముననే అట్టి జంటనావలపై మహాసముద్రమును దాటి కొత్తదీవులను చేరిరి. 1662లో సర్ విలియం పెట్టీ అను ఆంగ్ల పండితుడు డబ్లిన్ నగరమున జంటనావ నొకదానిని కట్టించి పందెమున గెలిచెను గాని, తరువాత కట్టించిన పెద్దది 1665లో తుపానున నశించెను. అటు పిమ్మట రెండువందల యేండ్లు పడమటి దేశములవారు జంటనావలను అంతగా తలపెట్టలేదు. ఆ ఆలోచనకు శాస్త్రరీతిని మరల ప్రాణము పోసినవాడు అమెరికా దేశీయుడైన నథానియల్ గ్రీన్ హెర్రెషాఫ్.

అతడు 1848వ సంవత్సరము మార్చి 18వ తేదీన, రోడ్ ఐలండ్ రాష్ట్రమునందలి బ్రిస్టల్ అను రేవుపట్టణమున జన్మించెను. తొమ్మండుగురు సంతానములో అతడు ఏడవవాడు. ఇంటివారు అతనిని నాట్ అని పిలిచెడివారు. ఇంటి ముందే నరగాన్సెట్ అఖాతము. తండ్రి చార్లెస్ హెర్రెషాఫ్‌నకు పడవలనిన మిక్కిలి ప్రీతి. తాను కట్టిన పడవలకు భార్యయగు జూలియా పేరు పెట్టుకొనెడివాడు. ఆ యింటి బిడ్డలకు నడకతోపాటు చుక్కాని పట్టుటయు అలవడెను.

నాట్ అన్నలలో జాన్ బ్రౌన్ హెర్రెషాఫ్ ఒకడు. అతడు నాట్ కంటె ఏడేండ్లు పెద్ద. పదునైదేండ్ల ప్రాయము వచ్చుసరికి జాన్‌నకు రెండు కన్నులును పోయెను. పడవలు కట్టవలెనని చిన్ననాటినుండియు ఉవ్విళ్ళూరుచున్న బాలునకు ఇంతకంటె పెద్ద దెబ్బ వేఱొకటి యుండునా? అయినను జాన్ ఉలిని విడువలేదు. చేతివ్రేళ్ళతో కొయ్యను తడవి దాని మంచిచెడ్డలు చెప్పగలిగెను. పడవ నమూనాను రెండుచేతులతో నిమిరి, దాని వంపులలో ఏది సరిగా రాలేదో కన్నులున్నవారికంటె ముందుగా కనుగొనెడివాడు. కాని కొలతలు తీయుటకును, లెక్కలు వ్రాయుటకును, గీతలు గీయుటకును కన్నులు కావలెను. ఆ పని తమ్ముడు నాట్‌నకు వచ్చెను. 1860లో ఆ కుటుంబము స్ప్రైట్ అను 20 అడుగుల తెరచాప పడవను కట్టినప్పుడు, నమూనానుండి కొలతలను తీసి పెద్ద కొలతకు మార్చినవాడు పండ్రెండేండ్ల నాట్. అన్న చేతులు, తమ్ముని కన్నులు కలిసి చేసిన పనులలో ఇది మొదటిది. ఆ వేసవియందే వారు న్యూయార్క్‌నకు పడవపై పోయి, ఆనాడు లోకమున కెల్ల పెద్ద ఓడయగు గ్రేట్ ఈస్టర్న్‌ను చూచి వచ్చిరి.

1866లో నాట్ బోస్టన్ నగరమునందలి మసచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరి యంత్రశాస్త్రము చదివెను. ఆ దినములలోనే, వేఱువేఱు పొడవులు గల పడవలు ఒకే పందెమున పాల్గొన్నప్పుడు చిన్నవానికి ఎంత కాలము మినహాయింపు ఈయవలెనో లెక్కకట్టి పట్టికలను తయారు చేసెను. చదువు ముగిసిన పిదప ప్రావిడెన్స్ నగరమున ఆవిరియంత్రములు చేయు కార్లిస్ కంపెనీలో పనికి చేరెను. 1876లో అమెరికా స్వాతంత్ర్యమునకు నూఱేండ్లు నిండిన సందర్భమున ఫిలడెల్ఫియాలో జరిగిన మహాప్రదర్శనమున యంత్రములన్నిటిని నడిపించిన 1400 గుఱ్ఱపు శక్తుల ఆవిరియంత్రము ఈ కంపెనీ చేసినదే. పగలు ఇట్టి యంత్రముల నడుమ గడపుచు, తీరిక వేళల అతడు తెరచాప పడవలను గూర్చియే యోచించుచుండెను.

ఆనాటి పందెపు పడవలలో ఒక పెద్ద లోపముండెను. వీలైనంత గాలిని పట్టుటకై వానికి మితిమీరిన తెరచాపలను ఎత్తెడివారు. గాలి వీచినప్పుడు తెరచాప పడవను ముందుకు నెట్టుటయే కాక ప్రక్కకును వంచును. ఆ వంపును ఆపుటకు పడవలో ఇసుకమూటలు వేసికొని, గాలి ఏ ప్రక్కనుండి వచ్చునో ఆ ప్రక్కకు పనివారు వానిని మోసికొనిపోవుచుండిరి. పడవ దెస మార్చినప్పుడెల్ల మూటలను రెండవ ప్రక్కకు చేర్చవలెను. చేర్చుటలో రవంత ఆలస్యమైనచో పడవ తలక్రిందగును. ఇంత బరువును మోయుటకు పడవ వెడల్పుగా నుండవలెను. వెడల్పుగా నున్నది నీటిని చీల్చుటలో మందమగును. అనగా వేగము కొఱకు తెరచాప, తెరచాప కొఱకు బరువు, బరువు కొఱకు వెడల్పు, ఆ వెడల్పు వలన మరల వేగమునకే కొఱత!

హెర్రెషాఫ్ ఈ చిక్కును మొదటనే త్రెంచెను. పడవ పడిపోకుండుటకు బరువేల? కాళ్ళు రెండును దగ్గఱగా పెట్టి నిలిచినవానిని త్రోసిన పడును; ఎడముగా పెట్టి నిలిచినవాడు అంత సులభముగా పడడు. అట్లే రెండు నావలను దూరదూరముగా ఉంచి కలిపినచో, ఆ యెడమే పడవను నిలుపును. ఇసుకమూటలు అక్కఱలేదు. బరువు లేదు గనుక నావలు నీటిలో లోతుగా దిగవు. ఒక్కొక్క నావను కత్తివలె సన్నముగా చేయవచ్చును. సన్నని నావ నీటిని ప్రక్కలకు నెట్టుట తక్కువ. అది లేపెడు అలయు తక్కువ. మామూలు పడవ తాను లేపిన అలలో తానే చిక్కుకొని కొంత వేగమును దాటలేదు. జంటనావకు ఆ సంకెల చాలవఱకు లేదు.

అయినచో పూర్వులు దీనిని ఏల విడిచిరి? సముద్రము బల్లపఱపుగా నుండదు. ఒక నావ అల శిఖరమున నున్నప్పుడు రెండవది పల్లమున నుండును. ఒకదాని అణియము లేచుచుండ, మఱియొకదాని అణియము దిగును. రెంటిని గట్టి దూలములతో మేకులు కొట్టి బిగించినచో, ఆ దూలములు మెలితిరిగి కీళ్ళు సడలును, తుదకు విఱుగును. దూలములను లావు చేసినచో బరువు పెరిగి, తేలికదనమను లాభమే పోవును.

హెర్రెషాఫ్ కనుగొన్న ఉపాయము మిక్కిలి చక్కనిది. అతడు దూలములను నావలకు మేకులతో బిగింపలేదు. గిన్నెవంటి దానిలో గుండు తిరిగెడు కీళ్ళతో కలిపెను. మన భుజము కీలును, తుంటి కీలును అట్టివే. దీనిచే ఒక్కొక్క నావ తన క్రింది అలను బట్టి తనంతట తాను ముందువెనుకలకు ఊగును. ప్రక్కవాని ఊపుతో దానికి పనిలేదు. తెరచాప కొయ్యను ఏ యొక్క నావపైనను నిలుపక, నడుమనున్న వేదికపై నిలిపెను. నడపువారును అచ్చటనే కూర్చుందురు. నావలు రెండును గుఱ్ఱములవలె ఎగిరిపడుచుండ, నడిమి వేదిక మాత్రము బండివలె నిలకడగా సాగును. వెనుక రెండు నావలకును రెండు చుక్కానులు. ఆ రెంటిని ఒక్కచోటనుండి త్రిప్పవచ్చును. మన జాలరులు త్రాళ్ళ కట్టుతో దుంగలకు కొంత కదలికను విడిచిరి. ఇనుప కీళ్ళతో ఇతడు చేసినదియు ఒక విధముగా అదియే. ఇతడు తెప్పను చూచి నేర్చెనని చెప్పుటకు లేదు గాని, సముద్రము ఇరువురకును ఒకే పాఠమును చెప్పినట్లున్నది.

ఈ నావకు అతడు ఆమరిల్లిస్ అని పేరిడెను. దానిని నడపుట మామూలు పడవను నడపుటవంటిది కాదు. గాలి ప్రక్కనుండి వీచునప్పుడు అది బాణమువలె పోవును. గాలికి ఎదురుగా దెస మార్చునప్పుడు మాత్రము తేలికదనమే దానికి శత్రువగును. బరువైన పడవ తన ఊపుతో మలుపును దాటును. తేలిక నావ నడుమ ఆగిపోవును. కావున మలుపునకు ముందు వేగము తగ్గకుండ చూచుకొని, మెలకువతో చుక్కానిని త్రిప్పవలెను. గాలి హెచ్చినకొలది గాలివైపు నావ నీటిని విడిచి పైకి లేచును. అంతవఱకు అపాయము లేదు. కాని మామూలు పడవ వంగుచు ముందుగా హెచ్చరించును. జంటనావ వంగదు గనుక హెచ్చరికయు తక్కువ. ఒక హద్దు దాటిన పిదప అది మరల సరికాదు, తలక్రిందగును. గాలి దిగువనున్న నావ ముక్కు నీటిలోనికి క్రుంగినను ముప్పే. కావున నడపువాడు తెరచాప త్రాటిని ముడివేయక, చేత పట్టుకొని, గాలిపోటు తగులగానే సడలింప సిద్ధముగా నుండవలెను. ఇది నిద్రమత్తున నడపదగిన వాహనము కాదు.

1876 జూన్ మాసమున న్యూయార్క్ రేవున శతవార్షికోత్సవ పందెములు జరిగెను. హెర్రెషాఫ్ ఆమరిల్లిస్‌తో పందెమున దిగెను. చూచినవారు నవ్వియుందురు. రెండు సన్నని పెట్టెలను కఱ్ఱలతో కలిపినట్లున్న ఆ వస్తువు ఆనాటి గొప్ప పడవల నడుమ అట్లే కనబడును. మొదట గాలి పలుచగా నుండుటచే ఆమరిల్లిస్ వెనుకబడెను. పిదప గాలి లేచెను. అంతట అది ముందున్న పడవలను ఒక్కొక్కదానిని దాటి, అందఱికంటె ముందుగా గమ్యమును చేరెను. వెనుక వచ్చినవారు పంచాయతిదారుల కడకు పోయి అభ్యంతరము తెలిపిరి. అది పడవయే కాదనియు, దానితో తమకు పోటీ తగదనియు వారి వాదము. పంచాయతిదారులు ఆ వాదమునే అంగీకరించి ఆమరిల్లిస్‌ను పందెమునుండి తొలగించిరి. బహుమానము వెనుక వచ్చినదానికి పోయెను.

న్యాయమేమి? పందెమునకు నియమములుండవలె ననుట నిజమే. ఒకే తీరు పడవల నడుమ నేర్పును పరీక్షించుటకే పందెము లేర్పడినవి. గుఱ్ఱపు పందెమున రైలును ప్రవేశపెట్టరాదు గదా! అయినను నాడు తొలగించినది వేగము చాలని దానిని కాదు, వేగము మిక్కుటమైన దానిని. తదనంతరము పందెములలో జంటనావలకు తావు లేకపోయెను. ధనికులు పడవలను కట్టించుట ముఖ్యముగా పందెముల కొఱకే. పందెములకు రాని పడవకు గిరాకి ఎక్కడిది?

హెర్రెషాఫ్ ఎవరితోను కలహింపలేదు. 1877 ఏప్రిల్ 10వ తేదీన తన జంటనావకు పేటెంటు హక్కును పొందెను. టారంటెల్లా, జాన్ గిల్పిన్ మొదలగు మఱికొన్ని జంటనావలను నిర్మించి, వానిపై జలవిహారము చేయుచు, దారిలో ఎదురైన ఆవిరిపడవలతో పందెము వేసి ఆనందించెను. ఆ నావలపై గడపిన దినములు తన జీవితమున కెల్ల సంతోషకరమైన వానిలో కొన్నియని అతడు ముదిమియందును తలచుకొనుచుండెనట. కాని సంతోషము వేఱు, జీవనోపాధి వేఱు.

1878లో అతడు కార్లిస్ కంపెనీని విడిచి అన్నతో కలిసెను. హెర్రెషాఫ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ ఏర్పడెను. వ్యాపారము, కొయ్యల కొనుగోలు, ధరల లెక్క అంధుడైన జాన్‌వి; రూపకల్పన యంతయు నాట్‌ది. నాట్ ముందుగా కాగితముపై గీయడు. చిన్న కొయ్యముక్కను కత్తితో చెక్కి, పడవలో సగము భాగమునకు నమూనా చేయును. జాన్ దానిని చేతులతో తడవి చూచును. అతడు ఒప్పిన పిదపనే కొలతలు తీయుట. పడవను తలక్రిందుగా నుంచి, ప్రతి ప్రక్కటెముకకును వేఱొక అచ్చును చేసి కట్టుట వారి పద్ధతి. వారి ఆవిరిపడవలు ప్రసిద్ధి కెక్కెను. 1885లో 94 అడుగుల స్టిలెట్టో హడ్సన్ నదిపై మేరీ పావెల్ అను పేరుపొందిన వేగపు ఓడను ఓడించెను. 1887లో అమెరికా నౌకాదళము దానిని కొనెను.

ఆ మఱుసటి యేటనే పెద్ద కీడు మూడెను. సే వెన్ అను ఆవిరిపడవ వేగమును పరీక్షించుచుండగా, బాయిలరులో ఆవిరి మితిమీరి రక్షణద్వారము తనంతట తాను తెఱచుకొనెను. తలచిన వేగము రావలెనను పట్టుదలతో హెర్రెషాఫ్ దానిని మూసెను. బాయిలరు ప్రేలి పనివాడొకడు మరణించెను. న్యాయస్థానము అతనిని కొంతవఱకు బాధ్యుని చేసెను. ఆవిరియంత్రములను నడపు అనుమతి అతనికి పోయెను. వేగమునందలి ఆశ అతనికి తెచ్చిన కీర్తిని ఎన్నువారు, అది ఒక ప్రాణమును బలిగొన్న ఈ సంగతిని విడువరాదు.

పిమ్మట అతని మనస్సు మరల తెరచాపలవైపు మఱలెను. 1891లో కట్టిన గ్లోరియానా ఆ యేడు పాల్గొన్న ఎనిమిది పందెములలోను గెలిచెను. అమెరికా కప్పు అను జగత్ప్రసిద్ధమైన పందెమునకు అమెరికా పక్షమున 1893లో విజిలెంట్, 1895లో డిఫెండర్, 1899లోను 1901లోను కొలంబియా, 1903లో రిలయన్స్, 1920లో రిజల్యూట్ నిలిచెను. ఈ ఐదును హెర్రెషాఫ్ రూపకల్పనలే. ఒక్కమాఱును కప్పు చేయి జారలేదు. 1899 మొదలు ఎదిరించుచు వచ్చినవాడు సింహళమున తేయాకు తోటలు గల సర్ థామస్ లిప్టన్. రిలయన్స్ పొడవు సుమారు 144 అడుగులు. దాని తెరచాపల వైశాల్యము 16,000 చదరపు అడుగులకు పైమాటయే. అది ప్రత్యర్థిని మూడు పందెములలోను వరుసగా ఓడించెను. రిజల్యూట్ మాత్రము మొదటి రెండు పందెములలో ఓడి, తరువాతి మూడును గెలిచి కప్పును నిలిపెను.

రిలయన్స్ వంటి భూతములు పందెపు నియమములలోని లోపమువలన పుట్టినవి. నీటిమట్టమున పొడవును, తెరచాపను మాత్రమే కొలుచుచుండుటచే, ముందువెనుకలకు విపరీతముగా చాచిన బలహీనములైన పడవలు గెలుచుచుండెను. వాని నిర్మాణమున అందఱికంటె ఆరితేరిన హెర్రెషాఫే, పడవ బరువును కూడ లెక్కలోనికి తెచ్చు కొత్త నియమమును కూర్చెను. న్యూయార్క్ యాట్ క్లబ్బు దానిని స్వీకరించెను. యూనివర్సల్ రూల్ అని దానికి పేరు. ఒకనాడు నియమముల పేరిట తొలగింపబడినవాడు నియమకర్త యయ్యెను. తన నియమమున జంటనావకు చోటు కల్పించుకొన్నాడా యనగా, లేదు.

1914లో అతడు బజర్డ్స్ అఖాతమున పిల్లలు పడవ నేర్చుకొనుటకై ఒక చిన్న పడవను రూపొందించెను. నీటిమట్టమున దాని పొడవు పండ్రెండున్నర అడుగులు. అడుగున సీసపు బరువుండుటచే అది గాలికి వంగినను మరల లేచి నిలుచును. మహానౌకలను కట్టినవాడు అదే శ్రద్ధతో పిల్లల పడవను కట్టుట చూచిన, అతనికి పని యన్నచో పెద్దది చిన్నది యను భేదము లేదని తోచును. అమెరికాలో నేటికిని ఆ తీరు పడవలు నీటిపై తిరుగుచున్నవి.

1915లో జాన్ మరణించెను. నలువది యేండ్లుగా తన నమూనాలను తడవి చూచిన చేతులు లేకపోయెను. కొలదికాలమునకే కంపెనీ ఇతరుల పాలయ్యెను. హెర్రెషాఫ్ పనిని మానలేదు. బ్రిస్టల్‌లో అఖాతము నెదురుగా నున్న తన యింట నమూనాలు చెక్కుచుండెను. 1933లో, అతనికి ఎనుబదియైదేండ్లు వచ్చిన యేట, ఆమరిల్లిస్ పోలికను మఱియొక జంటనావ నిర్మింపబడెను. దానికి రెండవ ఆమరిల్లిస్ అని పేరిడిరి. 1938 జూన్ 2వ తేదీన, తొంబదియవ యేట అతడు కన్నుమూసెను.

జంటనావలు మరల పందెములకు వచ్చుటకు ఇంకను కాలము పట్టెను. 1988లో అమెరికా కప్పు పందెమున ఒక జంటనావ పాల్గొని గెలువగా, అది తగునా తగదా యని మరల వివాదము పుట్టి న్యాయస్థానముల కెక్కెను; ఈసారి తీర్పు జంటనావ పక్షమునకే వచ్చెను. 2013లో సాన్ ఫ్రాన్సిస్కోలో అదే కప్పు కొఱకు పోటీపడిన రెండు నావలును జంటనావలే. బ్రిస్టల్ పట్టణమున హెర్రెషాఫ్ పేరిట వెలసిన నౌకాప్రదర్శనశాలలో, అంధుడైన అన్నకు పండ్రెండేండ్ల తమ్ముడు కొలతలు తీసి యిచ్చిన స్ప్రైట్‌ను, రెండవ ఆమరిల్లిస్‌ను భద్రపఱచిరి.